ఇద్దరికీ ఒక జత

కోల్బీ తన స్కీల మీద నుంచి తన బండినే పోనిచ్చుకున్నాడు. మాకు పెళ్లయి రెండు నెలలు కాకముందే జరిగిన సంగతి ఇది. ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

అతను నడిపేది మంచు దువ్వే బండి. పగలంతా జనం కాళ్లకు స్కీ పలకలు తొడుక్కుని జారి గుంటలు చేసిన వాలును, సాయంత్రం జనాన్ని కొండెక్కించే కుర్చీ లిఫ్టులు ఆగాక మళ్లీ చదును చేసి, తెల్లారేసరికి చారల గుడ్డ పరిచినట్టు తయారుచేసి పెడుతుంది. ఎంత నిటారు కొండైనా గోళ్లు దింపుకుని ఎక్కేస్తుంది కాబట్టి ఇక్కడ దాన్ని అందరూ పిల్లి అంటారు. ఆ రోజు కోల్బీ షిఫ్టుకు ముందు కాసేపు కొండ మీద తిరిగొచ్చి, స్కీలను పిల్లి గొలుసు పట్టాలకు ఆనించి, షెడ్డులోకి వెళ్లి కాఫీ తాగి, వచ్చి ఎక్కి, వెనక్కి పోనిచ్చాడు. ఆ ముక్కల్ని తోటివాళ్లు షెడ్డు గోడకు మేకులు కొట్టి తగిలించారు. కింద మా పెళ్లి తేదీ రాశారు.

నా స్కీలు అంతకు వారం ముందే పోయాయి. పల్చటి మంచు కింద దాక్కున్న రాయి ఒకటి, అంచుకున్న ఉక్కు పట్టీని మూరెడు పొడవున చీల్చేసింది. అలా కొండ కింద ఊళ్లో, చలికాలం మొదట్లోనే, కొత్తగా కాపురం పెట్టిన మాకు ఇద్దరికీ స్కీలు లేకుండా పోయాయి.

క్రిస్మస్‌కు ముందు షెడ్డులో చిన్న విందు జరిగింది. పిల్లి బండ్ల మేస్త్రీ విర్జిల్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"పెళ్లి కానుక ఆలస్యమైంది, తెలుసు. మేమంతా కలిసి నోరీన్ స్కీల కొట్లో డబ్బు కట్టి ఉంచాం. ఒక జత కొత్త స్కీలు. మీకు నచ్చింది మీరే ఎంచుకోండి."

"ఒకటేనా బాస్?" అన్నాడు కోల్బీ.

"ఒకటి చాల్లేవోయ్! మీ మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి ఎండ చూసిందెప్పుడు గనక? పొద్దున ఆవిడ, మధ్యాహ్నం నువ్వు. పైగా దాన్ని కూడా బండి కింద పెట్టావంటే ఒక్కటే పోతుంది."

షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

విర్జిల్ అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను ఊరి బళ్లో అయిదో తరగతికి సైన్సు చెబుతాను. పొద్దున నేను బయల్దేరేటప్పటికి కోల్బీ నిద్రలో ఉంటాడు. నేను తిరిగొచ్చేటప్పటికి కొండ మీద ఉంటాడు. అతను ఇల్లు చేరేసరికి నాకు సగం నిద్ర అయిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు శని ఆదివారాలు సెలవివ్వరు. వాటిలో కూడా అతను లేచే మధ్యాహ్నానికీ షిఫ్టుకు వెళ్లే సాయంత్రానికీ నడుమ మిగిలే ఆ కాసిని గంటలే, మేమిద్దరం వెలుతురులో ఒకరి మొహం ఒకరం చూసుకునే సమయం. చలికాలం అంతా అంతే. ఏప్రిల్లో కొండ మూసేదాకా.

అయినా నేను సంతోషంగానే ఉన్నాను. 'మా ఆయన' అనడం నాకింకా కొత్త. అవసరం లేని చోట కూడా అంటుంటాను. పోస్టాఫీసులో స్టాంపులు కొంటూ, "మా ఆయనకు జెండా బొమ్మలు నచ్చవండీ, పక్షులవి ఇవ్వండి" అన్నాను. కోల్బీ పుట్టి బుద్ధెరిగాక స్టాంపు కొని ఎరగడు. సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఎడమ పక్క వాలు మీద పాకే దీపం మా ఆయనది. పైకి చేరాక రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాడు. నేను వసారా దీపం రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాను. ఆ రోజుకు మా కాపురం అది. చేతులకు సబ్బు నురగ ఉండగానే పరుగెత్తుతాను, స్విచ్చు ఎప్పుడూ జారుతూ ఉంటుంది.

ఏటా జనవరిలో ఒక ఆదివారం స్కీ దుకాణాలవాళ్లు లిఫ్టు దగ్గరే గుడారాలు వేస్తారు. నచ్చిన జత తొడుక్కుని కొండెక్కి దిగి రావచ్చు, తిరిగిచ్చి ఇంకోటి తీసుకోవచ్చు. మూడు గంటలకు గుడారాలు పీకేస్తారు. మా కానుక ఆ రోజు ఎంచుకుందామని అనుకున్నాం. కోల్బీ లేచి వచ్చేలోపు పొద్దున నేను నాలుగైదు జతలు చూసి ఉంచాలి.

ఆ వారం బళ్లో సగం మందికి ఫ్లూ. మిగతా సగానికి నేనే పాఠం చెప్పి, నేనే ముక్కులు తుడిచి, అర్ధ సంవత్సరం మార్కులు వేసి, శనివారం రాత్రి బట్టలు మడతపెడుతూ ఆ కుప్ప మీదే నిద్రపోయాను. ఆదివారం పొద్దున బూట్లు బిగించుకుంటుంటే కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. కానీ ఎండ కాసింది. మంచు చారలు కదలకుండా మెరుస్తున్నాయి. వాటిని ఎవరు దువ్వారో నాకు తెలుసు. ఇంతకంటే ఏం కావాలి!

నోరీన్ గుడారం చివరిది. అరవై దాటిన మనిషి, కళ్లద్దాల చోటు తప్ప మొహమంతా ఎండకు కమిలిపోయి ఉంటుంది.

"ఏం కావాలి తల్లీ?"

"అన్నిటికీ పనికొచ్చేది కావాలండీ. దువ్విన మంచు మీద జారాలి, పొడి మంచులో తేలాలి, గుంటల్లో తిరగాలి, చెట్ల మధ్య మాట వినాలి. మా ఇద్దరికీ సరిపోవాలి."

"స్కీలు వెతుకుతున్నావా, మొగుణ్ణి వెతుకుతున్నావా?"

"మొగుడు దొరికాడు. ఇక స్కీలే."

"దొరికాడా! తన స్కీలు తనే తొక్కుకున్నాడే, అతనేనా?" అని పకపకా నవ్వి, గుడారం వెనక్కి వెళ్లింది. నేనూ వెంట వెళ్లి, అక్కడ వరుసగా నిలబెట్టిన పాత స్కీలకు నా చేతికర్రలు ఆనించబోతే పక్కకు నెట్టింది. "అవి కాదు, అవి రెండేళ్ల కిందటి పరీక్ష జతలు. ఊరంతా తొక్కి తొక్కి వదిలినవి. వాటిని సీజను చివర్లో వదిలించుకుంటాను. నువ్వు కొత్తవే చూడు."

ఓరకంటితో చూశాను. ముక్కుల మీద నంబర్ల చీటీలు, పైన గీతలు, ఒకదాని తోక దగ్గర పెచ్చు ఊడి ఉంది. నా కర్రలు వేరే చోట ఆనించాను.

స్కీలో చూడాల్సింది నడుము, అంటే మధ్యభాగం వెడల్పు. నడుము సన్ననిదైతే గట్టి మంచును కరిచి పట్టుకుంటుంది గానీ పొడి మంచులో మునిగిపోతుంది. వెడల్పైనదైతే పొడిలో పడవలా తేలుతుంది గానీ గట్టి నేల మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడానికి బద్ధకిస్తుంది. నేను పెళ్లికి ముందు వెడల్పు స్కీల మనిషిని. కోల్బీ సన్నవాటి మనిషి. లిఫ్టు కుర్చీలో పక్కపక్కన కూర్చుని పైకి వెళ్లేవాళ్లం, పైన విడిపోయేవాళ్లం. నేను చెట్లలోకి, అతను వాలు మీదికి. కింద మళ్లీ కలిసేవాళ్లం. అప్పట్లో అది నాకు సరదాగానే ఉండేది. సాయంత్రం అంతా మాదే కదా అనుకునేదాన్ని.

ముందు వెడల్పువి తీసుకున్నాను, పాత అలవాటు. బాగానే ఉన్నాయి. తర్వాత సన్నవి. అవీ బాగానే ఉన్నాయి. మూడోసారి నోరీన్ ఆకుపచ్చవి ఇచ్చింది. నడుము అటూ ఇటూ కానిది, మధ్యరకం.

రెండు మలుపులు తిరిగానో లేదో, కాళ్ల బరువు ఎటు పోయిందో తెలియలేదు. అలసిపోయిన మనిషి చెప్పకముందే పని అందుకునే చెల్లెల్లా ఉన్నాయవి. పక్కన తొక్కని మంచు కాస్త కనిపిస్తే అందులోకి దిగాను, మునగలేదు. మళ్లీ చారల మీదికొచ్చాను, జారలేదు. పాట పాడుకుంటూ దిగాను. లిఫ్టు దగ్గరి కుర్రవాడు, "ఏంటి టీచర్, ఇవాళ బడి లేదనా?" అన్నాడు.

"ఇవే," అన్నాను నోరీన్‌తో.

"నీ కాళ్ల పొడవు, మీ ఆయన కాళ్ల పొడవు?"

"ఇద్దరం ఒకే ఎత్తు. బూటు మాత్రం అతనిది పెద్దది."

"అయితే దీనికి జరిగే బైండింగ్ వేస్తాను." బూటును పట్టి ఉంచే ఆ బిగింపు మీద చిన్న మీట ఉంది. అది ఎత్తి ముందుకు నెట్టింది. "ఇది నీ బూటు." వెనక్కి లాగింది. "ఇది అతనిది. అర నిమిషం పని. పొద్దున నువ్వు, మధ్యాహ్నం అతను."

ఎంత ముచ్చటేసిందో! చిన్న మీటలో కాపురం అంతా ఇమిడిపోయింది అనుకున్నాను. ఫోటో తీసి కోల్బీకి పంపాను. నిద్రలో ఉన్నవాడు చూసే అవకాశం లేదు.

కోల్బీ పన్నెండు దాటాక వచ్చాడు. జుట్టు ఒక పక్కకు లేచి ఉంది, బుగ్గ మీద దిండు ముడత అచ్చుపడింది. క్యాంటీన్లో నా గిన్నెలోని చిల్లీ పులుసు నాలుగు చెంచాలు తిని, అయిదోది నోట్లో పెట్టుకుని అలాగే కళ్లు మూసుకున్నాడు.

"ఏయ్, నమలడం మర్చిపోయావు."

"నమిలాను."

"చెంచా ఇంకా నోట్లోనే ఉంది."

"అందుకేనా ఉక్కు రుచి!" అన్నాడు. అతని నవ్వు చూస్తే నాకు వారం అలసట సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంది.

నోరీన్ మీట వెనక్కి లాగింది. అతను తొడుక్కుని లిఫ్టెక్కాడు. నా దగ్గర ఇంకో జత లేదు. పరీక్షకు ఒక పేరు మీద ఒకటే ఇస్తారు, మా ఇద్దరికీ కలిపి రాయించింది నా పేరు ఒక్కటే. ఇంకోటి అడుగుదామంటే అప్పటికే గుడారం ముందు జనం వరుస కట్టారు. కింద బల్ల మీద కూర్చున్నాను.

ఎదురుచూస్తుంటే నా పక్కన కూర్చున్నవాళ్లను గమనించాను. ఒకావిడ ఒళ్లో చంటిబిడ్డ. ఒక పెద్దాయనకు మోకాలి పట్టీ. కొండ ఎక్కలేనివాళ్లు కూర్చునే బల్ల అది. అందరం ఎవరో ఒకరి కోసం పైకి చూస్తున్నాం.

కోల్బీ వస్తున్నాడు. ఎంత దూరంలో ఉన్నా గుర్తుపడతాను, ఎడమ భుజం కాస్త వంచుతాడు. అప్పటికి చారలు చెరిగిపోయి వాలంతా ముద్దలు ముద్దలుగా ఉంది. ఆ ముద్దల్లోనే హాయిగా తిరుగుతూ వచ్చాడు. పొడవాటి మలుపు, చిన్న మలుపు, మళ్లీ పొడవాటిది. నాకు నచ్చినట్టే అతనికీ నచ్చాయని ఆ మలుపులే చెబుతున్నాయి. చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. ఈ చలికాలంలో అతను స్కీ చేయడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఆ వాలు మీద కాకుండా బల్ల మీద కూర్చుని చూస్తున్నాను.

"బ్రిన్! అబ్బ, ఏం జత ఇది!" మొహం ఎర్రగా, కళ్లు వెలిగిపోతున్నాయి. "ఇక వేరేవి చూడక్కర్లేదు. పద, కాఫీ తాగుదాం."

క్యాంటీను ముందు స్కీలు ఆనించే స్టాండు ఉంది. ఇక్కడ ఎవరూ తమ జతను ఒకే చోట పెట్టరు. నాదొకటి, నీదొకటి కలిపి ఈ చివర, మిగతా రెండూ ఆ చివర పెడతారు. పొరుగూరివాళ్లు పొరపాటున తీసుకెళ్లినా, దొంగబుద్ధితో ఎవరైనా చెయ్యి వేసినా వాళ్లకు పనికిరాకుండా. కోల్బీ అలవాటుగా ఒక ఆకుపచ్చ స్కీని తను పట్టుకుని, రెండోది నాకందించాడు. నేనూ అలవాటుగా అందుకుని, నా దానితో కలపడానికి రెండో చెయ్యి చాపాను.

కలపడానికి ఏమీ లేదు.

ఇద్దరం ఒక్కో స్కీ పట్టుకుని అలా నిలబడ్డాం. కోల్బీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"బాగా లేదా?" అన్నాడు.

"చాలా బాగుంది. అదే బాధ."

"అర్థం కాలేదు."

"ఏప్రిల్ దాకా నేను దిగితే నువ్వెక్కుతావు, కోల్బీ. నువ్వెక్కితే నేను బల్ల మీద కూర్చుంటాను. అర నిమిషం మీట జరిపేటప్పుడు కలుసుకుంటాం."

"మరి ఎలాగూ పొద్దున నేను లేవలేను కదా. నువ్వైనా కాసేపు హాయిగా తిరుగుతావు. నేనొచ్చాక కింద కూర్చుని కాఫీ తాగుతావు. అది సుఖమే కదా!"

"ఎవరికి సుఖం?"

"అబ్బ, బ్రిన్." ముక్కు పైభాగం రెండు వేళ్లతో నొక్కుకున్నాడు. "నాకు వాదించే ఓపిక లేదు. రాత్రి పైన గాలికి మంచు కొట్టుకుపోతుంటే దువ్విందే మూడుసార్లు దువ్వాను."

"నాకు మాత్రం ఉందా ఓపిక? శనివారం బట్టల కుప్ప మీద పడి నిద్రపోయాను. నువ్వు వచ్చి చూశావుగా."

"చూశాను. నీ చెంప కింద నా లాగు ఉంది. లాగితే లేస్తావని ఇంకో లాగు వేసుకున్నాను."

ఆ మాటకు నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. రెండూ కలిసి వస్తే ముక్కు చీదుకోవాలి, చేతిలో స్కీ ఉంది. కోల్బీ తన చేతి తొడుగుతోనే నా ముక్కు తుడిచాడు. పిల్లి బండి నూనె వాసన.

"ఏం చేద్దామంటావు? వాళ్లిచ్చింది ఒక జతే," అన్నాడు మెల్లగా.

అప్పుడే నాకు గుడారం వెనక పాత జతల వరుస గుర్తొచ్చింది.

ఆకుపచ్చవి భుజాన వేసుకుని నోరీన్ దగ్గరికి వెళ్లాం. "ఈ కొత్త జత బదులు ఆ పాతవి రెండు జతలు ఇస్తారా?" అని అడిగాను.

నోరీన్ తల తిప్పి వెనక వరుస వైపు చూసింది. "ఇవ్వొచ్చు. విర్జిల్ వాళ్లు కట్టినదానికి సరిపోతాయి. కానీ పిల్లా, బేరం బాలేదు. ఇవి పదేళ్లొస్తాయి. అవి రెండు సీజన్లొస్తే గొప్ప. గట్టి మంచు మీద గడగడా వణుకుతాయి."

"అవీ అన్నిటికీ పనికొచ్చే రకమేనా?"

"ఒకప్పుడు. ఇప్పుడు అన్నిటికీ కాస్త కాస్త."

"చాలు."

"ఎవరు వణుకుతారో వాళ్లనడుగు," అంది నోరీన్, కోల్బీ వైపు గడ్డం ఎత్తి.

కోల్బీ ఆకుపచ్చ స్కీ మీద చెయ్యి వేసి నిమిరాడు. గుర్రాన్ని అమ్మేసేవాడిలా ఉన్నాడు. పొద్దున నేను పాట పాడిన స్కీలే అవి. నాకూ ప్రాణం ఉసూరుమంది.

"ఒకసారి వేసుకుని చూద్దాం పద," అన్నాడు. "ఇద్దరం."

ఒకే రకానివి రెండు జతలు దొరికాయి. ఒకదాని మీద పద్నాలుగు, ఇంకోదాని మీద ముప్పై ఒకటి. పెచ్చు ఊడింది నాకొచ్చింది. నోరీన్ మీటలు లాగి, పద్నాలుగును నా బూటుకు, ముప్పై ఒకటిని అతని బూటుకు సరిచేసింది. "మూడింటికి గుడారం పీకుతాను. ఆలోపు చెప్పండి."

లిఫ్టు కుర్చీ నేల వదిలిందో లేదో కోల్బీ నా భుజం మీద వాలి నిద్రపోయాడు. టోపీ కింద నుంచి గురక. కింద జనం తిరుగుతున్న మలుపుల చప్పుడు, తీగ మీద చక్రాల టకటక, ఎండ. నా కాళ్లు బూట్లలో సలుపుతున్నాయి. భుజం తిమ్మిరెక్కింది. కదలలేదు. సగం దారిలో లిఫ్టు ఆగింది, ఎవరో ఎక్కబోతూ పడి ఉంటారు. గాలికి కుర్చీ ఊగింది. మామూలుగా అయితే విసుక్కునేదాన్ని. ఇంకాసేపు ఆగితే బాగుండనిపించింది.

"వచ్చేశామా?" అన్నాడు పైన, ఉలిక్కిపడి.

"వచ్చేశాం. కర్రలు పట్టుకో. నా కర్రలు కాదు, నీవి."

పాతవి నిజంగానే వణికాయి. గట్టి మంచు తగిలిన చోటల్లా పళ్లు కటకటలాడాయి. పొడి ముద్దల్లో ముక్కు దిగబడబోయింది. ఆకుపచ్చవాటి హాయిలో సగం కూడా లేదు, ఆ మాట దాచను. కానీ నేను ఎడమకు తిరిగితే నా కుడి పక్క ఇంకో గడగడ వినిపించింది. నేను ఆగితే అదీ ఆగింది. చెట్ల మొదట్లో ఆగి కోల్బీని చూశాను. అతను ఎప్పుడూ చెట్లలోకి వచ్చేవాడు కాదు.

"ఇవి సన్నవి కావుగా," అన్నాడు. "నడువు, చూద్దాం."

చెట్ల మధ్య ఒకసారి పడ్డాడు, కొమ్మ మీది మంచంతా వీపులోకి పోయింది. అంత నిద్రలోనూ తిట్టిన తిట్లకు ఉడుతలు పారిపోయి ఉంటాయి. నేను నవ్వలేక చెట్టు పట్టుకున్నాను. తర్వాత అతని వాలు మీద నేను వెనకబడ్డాను, తొడలు మండిపోయి మధ్యలో రెండుసార్లు కూలబడ్డాను. అతను రెండుసార్లూ పైకి అడుగులు వేసుకుంటూ ఎక్కి వచ్చాడు.

కింద విర్జిల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరీన్ అప్పటికే చెప్పేసింది.

"ఏవమ్మా కొత్తపెళ్లికూతురా! మేం గుర్రాన్నిస్తే రెండు గాడిదల్ని పట్టుకున్నావట!"

"అవును బాస్. గుర్రం మీద ఇద్దరం పట్టడం లేదు."

విర్జిల్ మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. కోల్బీ చెవుల్లో మంచు, కారుతున్న నా ముక్కు. "సరే," అన్నాడు. "గోడ మీద మేకులు ఇంకా ఉన్నాయి. ఈ గాడిదలు చచ్చాక తీసుకురండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "కోల్బీ, షిఫ్టు మార్చమని మాత్రం అడక్కు, నా చేతిలో లేదు. నాలుగింటికల్లా బండిలో ఉండు."

"ఉంటా."

ఇవే ఉంచుకుంటామని నోరీన్‌కు చెప్పేశాక, లోపల వేడి చాక్లెట్ తాగడానికి కాస్త వ్యవధి ఉంది. స్టాండు దగ్గర ఈసారి చేతులకు పని దొరికింది. నాదొకటి, అతనిదొకటి ఈ చివర. మిగతా రెండూ ఆ చివర.

"వీటిని ఎవడు ఎత్తుకెళ్తాడు?" అన్నాడు కోల్బీ.

"పెట్టాలి అంతే."

కప్పు ఖాళీ కాకముందే అతను లేచాడు. నా నెత్తి మీద ముద్దు పెట్టి, తలుపు బదులు గోడ వైపు నాలుగడుగులు వేసి, సర్దుకుని తలుపు వెతుక్కుని వెళ్లాడు. నేను మిగిలింది తాగి, ఖాళీ కప్పు పట్టుకుని వెచ్చగా అలాగే కూర్చుండిపోయాను. లేచేసరికి గుడారాలు లేవు. నోరీన్ బండి కూడా వెళ్లిపోయింది.

స్టాండు దగ్గర ఒక జతే ఉంది. పార్కింగు దాకా జారుకుంటూ పోదామని తీసి నేల మీద పడేసి బూటు దింపాను. కుడికాలు టక్కున పట్టింది. ఎడమకాలు పట్టలేదు. బూటు ఖాళీ గిన్నెలో చెంచాలా అటూ ఇటూ ఆడింది. వంగి చూశాను. ఒకదాని మీద పద్నాలుగు. ఇంకోదాని మీద ముప్పై ఒకటి.

నా పద్నాలుగు ఒకటి కోల్బీ భుజం మీద షెడ్డుకు వెళ్లిపోయింది. చేతికి ముందు అందిన చివర తీసుకుని పోయాడు. నిద్రమత్తులో చేశాడో, మత్తు లేకుండా చేశాడో తెలియదు. ఇప్పుడు నా దగ్గరున్నదానితో నేను స్కీ చేయలేను. అతని దగ్గరున్నదానితో అతనూ చేయలేడు. ఇద్దరం ఒకచోట చేరితే తప్ప ఎవరికీ జత లేదు.

స్కీలు భుజాన వేసుకుని పార్కింగు వైపు నడిచాను. కారు దాకా రెండుసార్లు ఆగాను. ఇంటికొచ్చి బూట్లు విప్పడానికి ఓపిక లేక మెట్టు మీద కూర్చున్నాను. మడత పెట్టాల్సిన బట్టలు కుర్చీ మీద అలాగే ఉన్నాయి. రేపటి పాఠం రాసుకోలేదు.

గిన్నెలు కడుగుతుంటే కొండ మీద ఎడమ పక్క దీపం పాకుతూ పైకి చేరింది. రెండుసార్లు ఆరి వెలిగింది. సబ్బు చేతులతో పరుగెత్తి వసారా స్విచ్చు నొక్కాను, జారింది, మళ్లీ నొక్కాను.

వసారాలో ఆ రెండు స్కీలూ గోడకు ఆనించి ఉన్నాయి. మీట ఎత్తి ముందుకు నెడితే చాలు, ముప్పై ఒకటి కూడా నా బూటుకు పడుతుంది. నోరీన్ చేస్తుంటే ఇవాళే మూడుసార్లు చూశాను. అర నిమిషం పని. వచ్చే శనివారం పొద్దున లిఫ్టు తెరవగానే నేను మొదటి కుర్చీ ఎక్కవచ్చు.

వాటిని అలాగే ఉంచి, తలుపు వేసి, బట్టలు మడతపెట్టడానికి కూర్చున్నాను. అతని లాగు తీసి అన్నిటికంటే పైన పెట్టాను.